ఫ్లారెన్స్ నైటింగేల్: నర్సింగ్ పాఠానికి పునాది వేసిన మరణాల లెక్క

మెడికల్ సర్జికల్ నర్సింగ్‌లో విద్యార్థులు తొలుత నేర్చుకొనేవి చూడటానికి అతి సామాన్యమైన విషయాలు. చేతులు కడుక్కోవడం, నాడి చూడటం, కదలలేని రోగిని వేళకు పక్కకు తిప్పడం, తిన్నదీ నిద్రపోయినదీ రాసిపెట్టడం. పరీక్షల ముందు గబగబా తిరగేసే ఈ అంశాలను వృత్తి ధర్మంగా నిలబెట్టడానికి జీవితాన్ని వెచ్చించిన స్త్రీ ఫ్లారెన్స్ నైటింగేల్.

1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, సంపన్న ఆంగ్ల కుటుంబంలో ఆమె జన్మించారు. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. ఆసుపత్రి సేవ ఆనాడు గౌరవప్రదమైన వృత్తి కాదు. తల్లి, సోదరి గట్టిగా అడ్డుపడ్డారు. జర్మనీలోని కైజర్‌స్వెర్త్‌లో శిక్షణ పొందే అవకాశం చిక్కేసరికి ఆమెకు 31 ఏళ్లు.

క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది మహిళలతో ఆమె ఇస్తాంబుల్ సమీపాన ఉన్న స్కూటరి సైనిక ఆసుపత్రికి చేరుకున్నారు. రాత్రివేళ దీపం పట్టుకొని వార్డులలో తిరిగే ఆమె చిత్రం అక్కడి నుంచే లోకమంతా వ్యాపించింది. ఆ చిత్రం అబద్ధం కాదు. కానీ అది దాచిన సంగతి ఒకటుంది. ఆమె వచ్చిన తరువాత కూడా ఆ చలికాలంలో మరణాలు పెరుగుతూనే పోయాయి. 1855 ఫిబ్రవరి నాటికి నూటికి సుమారు 42 మంది రోగులు చనిపోతున్నారు. భవనం కింద మురుగు కాలువలు పూడుకుపోయి ఉన్నాయి, వార్డులలో గాలి ఆడదు. మార్చిలో ఇంగ్లండు నుంచి వచ్చిన పారిశుద్ధ్య కమిషన్ కాలువలు శుభ్రం చేయించి, గాలి వచ్చే ఏర్పాటు చేసింది. జూన్ నాటికి మరణాల రేటు నూటికి రెండుకు దిగివచ్చింది.

1856లో స్వదేశం చేరిన నైటింగేల్, గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి ఈ అంకెలను పరిశీలించారు. గాయాలకన్నా నివారించదగిన అంటువ్యాధులే ఎక్కువమంది సైనికులను బలిగొన్నాయని తేలింది. అందరూ కీర్తిస్తున్న వేళ, తాను పనిచేసిన ఆసుపత్రే ప్రాణాలు తీసిందని ఒప్పుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆమె ఆ లెక్కను దాచలేదు. రంగుల వృత్త చిత్రంగా గీసి పాలకుల ముందు పెట్టారు.

1859లో వెలువడిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' గ్రంథాన్ని ఈ నేపథ్యంలోనే చదవాలి. రోగికి పడక పుండు పడితే దోషం సాధారణంగా జబ్బుది కాదు, పరిచర్యదేనని ఆమె వాదించారు. నర్సు రోజులో పలుమార్లు చేతులు కడుక్కోవాలన్నారు. రోగి బాగా నిద్రపోయాడా అని అడగడం వ్యర్థమనీ, ఎన్ని గంటలు, ఏ వేళల్లో నిద్రపోయాడో తెలుసుకోవాలనీ సూచించారు. నేటి వార్డులలో రోగి చార్టు నింపే పద్ధతికి ఇంతకన్నా మంచి పరిచయం దొరకదు. సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని ఆమె చాలాకాలం నమ్మలేదన్నదీ నిజమే. చెడు గాలే రోగకారణమని భావించారు. కారణం విషయంలో పొరబడినా, శుభ్రత విషయంలో పొరబడలేదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె నెలకొల్పిన పాఠశాల నర్సింగ్‌ను శిక్షణ పొందిన వృత్తిగా మార్చింది.

యుద్ధరంగంలో సోకిన జ్వరం ఆమెను దీర్ఘకాలం మంచానికి పరిమితం చేసింది. అయినా ఆ గదిలో నుంచే భారతదేశం గురించి ఆలోచించారు. మన దేశాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నావళులు పంపి సమాచారం రప్పించుకున్నారు. బ్రిటిష్ సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక వెల్లడించింది. సైనికులతో మొదలైన ఆ ఆలోచన క్రమంగా రైతులవైపు, కరవులవైపు మళ్లింది. ఆకలితో ఉన్నవారికి ఆరోగ్యం ఎలా వస్తుందన్నది ఆమె ప్రశ్న. అందుకే ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్‌తో కలిసి, భారతదేశానికి సాగునీటి కాలువలు కావాలని పట్టుబట్టారు. గోదావరి తీరాన కాటన్‌ను తలచుకొనేవారిలో ఈ స్నేహం సంగతి తెలిసినవారు తక్కువే.

చివరి సంవత్సరాలలో ఆమె చూపు కోల్పోయారు. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవం దక్కింది. అది పొందిన తొలి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న, 90వ ఏట లండన్‌లో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబీలో సమాధి చేస్తామన్న ప్రతిపాదనను కుటుంబం నిరాకరించింది. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో గ్రామ చర్చి ప్రాంగణంలో ఆమెను ఖననం చేశారు. అక్కడి రాతిపై పూర్తి పేరు లేదు. పేరులోని రెండు తొలి అక్షరాలు, జనన మరణ తేదీలు మాత్రమే ఉన్నాయి.