నోరు విప్పని రాజు
24వ ఏట నేలకొరిగిన సురపురం వెంకటప్ప నాయక

యరగేర: 1857 తిరుగుబాటు అనగానే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ గుర్తుకొస్తాయి. తెలుగువారికైతే అంతకు పదేళ్ల ముందు 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, 1857 జులైలో హైదరాబాద్ రెసిడెన్సీపైకి దండెత్తిన తుర్రేబాజ్‌ఖాన్ గుర్తుకొస్తారు. అటు కర్నూలుకు, ఇటు హైదరాబాద్‌కు నడుమ మన రాయచూరు సీమను ఆనుకునే మరో వీరుడున్నాడు. ఆయనే సురపురం సంస్థానాధీశుడు రాజా వెంకటప్ప నాయక. కన్నడ నేలపై పేరున్న ఈ రాజు కథ హైదరాబాద్ దగ్గర ముగిసింది. అయినా తెలుగునాట ఆయన ఊసు తక్కువే.

ఔరంగజేబునే నిలబెట్టిన వంశం

దేవదుర్గ మీదుగా తింథిణి దగ్గర కృష్ణ దాటి వెళితే సురపురం వస్తుంది. ఇప్పుడది యాదగిరి జిల్లాలో ఉంది. పాలించింది బేడ నాయకులు. మన వైపు బోయలు, వాల్మీకులు అని పిలుచుకునేది వీరినే. కొండలు, గుట్టలు, గురి తప్పని బేడర్ల బలం.. ఇవే ఆ సంస్థానానికి కోటగోడలు. 1705లో మొగలు చక్రవర్తి ఔరంగజేబు ముసలితనంలో స్వయంగా వచ్చి సురపురం పక్కనున్న వాగణగేర కోటను ముట్టడించాడు. నెలల తరబడి పోరాడితే గాని కోట చిక్కలేదు. చిక్కినా నాయకుడు మాత్రం దొరక్కుండా తప్పించుకున్నాడు. ఔరంగజేబు జీవితంలో అదే ఆఖరి దండయాత్ర. ఆ తర్వాత రెండేళ్లకే ఆయన కన్నుమూశాడు.

అంతటి సంస్థానం కూడా 19వ శతాబ్దం వచ్చేసరికి అప్పుల ఊబిలో దిగబడింది. నిజాం సర్కారుకు కట్టాల్సిన 15 లక్షల రూపాయల నజరానా గుదిబండలా మెడకు పడింది. వసూళ్ల మాటున ఇంగ్లిషు అధికారులు సంస్థానం లోపలి వ్యవహారాల్లోకి చొరబడ్డారు.

దొరను అప్పా అని పిలిచిన పిల్లాడు

వెంకటప్ప నాయక 1834లో పుట్టాడు. ఏడెనిమిదేళ్ల వయసులోనే తండ్రి కృష్ణప్ప నాయక చనిపోయాడు. తల్లి రాణి ఈశ్వరమ్మ ఒకవైపు, చిన్నాన్న పిడ్డనాయక మరోవైపు.. పెత్తనం కోసం కోటలో లాగులాట మొదలైంది. అప్పుడు సంస్థానం బాగోగులు చూసేందుకు వచ్చినవాడే కెప్టెన్ మెడోస్ టేలర్. నిజాం సైన్యంలో ఉద్యోగి. తెలుగుతో సహా ఇక్కడి భాషలు నేర్చినవాడు. ఠగ్గుల మీద నవల రాసి 1839లోనే పేరు తెచ్చుకున్నాడు.

టేలర్ 1853 దాకా సురపురంలోనే ఉన్నాడు. అప్పుల లెక్కలు తేల్చాడు, ఆదాయాన్ని గాడిలో పెట్టాడు. కుర్ర రాజుకు చదువు చెప్పించాడు. రాజు ఆయన్ను అప్పా అని పిలిచేవాడు. కన్నడంలో అప్ప అంటే నాన్న. తండ్రి లేని పిల్లాడికి పరాయి దొరే తండ్రి అయ్యాడు. టేలర్ కొండమీద కట్టుకున్న బంగళాను ఇప్పటికీ టేలర్ మంజిల్ అంటారు.

ఒకసారి జబ్బు పడ్డ రాణి టేలర్‌ను పిలిపించి కొడుకు జాతకం చూపించిందట. 24వ ఏట గండం ఉందని, దాన్ని దాటలేడని శాస్త్రి రాసిపెట్టాడు. ఆ మాట బయటికి పొక్కనివ్వనని టేలర్ మాటిచ్చాడు. తర్వాత తన ఆత్మకథలో ఆయనే ఈ సంగతి రాసుకున్నాడు. ఆ పుస్తకం టేలర్ చనిపోయాక 1877లో అచ్చయింది.

యరగేరా దొరల కిందికే

1853 ఈ సీమకు పెద్ద మలుపు. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ కింద నిజాం ఆ ఏడాది బీరార్, నల్దుర్గ్‌లతో పాటు కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు దోఆబ్‌ను కంపెనీకి అప్పగించాడు. రాయచూరు–మంత్రాలయం దారిలోని యరగేర లాంటి ఊళ్లన్నీ ఒక్కసారిగా తెల్లదొరల పాలనలోకి వెళ్లాయి. సరిగ్గా ఆ ఏడాదే వెంకటప్ప చేతికి సంస్థానం వచ్చింది, టేలర్ వెళ్లిపోయాడు. నది ఇవతల కంపెనీ, లింగసుగూరులో కంటింజెంట్ దండు. యువరాజు గద్దెనెక్కింది ఈ బిగింపు మధ్యలోనే.

నాలుగేళ్లలో ఉత్తరాదిన తిరుగుబాటు రాజుకుంది. ఆయుధాలు అప్పగించాలన్న హుకుంను ధిక్కరించి 1857 నవంబరులో ముధోళ్ దగ్గరి హలగలి బేడర్లు ఎదురుతిరిగారు. సురపురానికి నానాసాహెబ్ మనుషులు వచ్చిపోతున్నారని ఇంగ్లిషువారికి అనుమానం వచ్చింది. రాజు రోహిల్లాలను, అరబ్బులను కొలువులో చేర్చుకున్నాడు. బేడర్లను సమీకరించాడు. నచ్చజెప్పి దారికి తెమ్మంటూ రెసిడెంట్ డేవిడ్సన్ కెప్టెన్ క్యాంప్‌బెల్‌ను పంపాడు. రాజు వినలేదు.

ఫిబ్రవరి రాత్రి

1858 ఫిబ్రవరి మొదటి వారంలో లింగసుగూరు నుంచి కెప్టెన్ విండ్‌హాం దండు సురపురం చేరి విడిది చేసింది. ఆ రాత్రే బేడర్లు, రోహిల్లాలు విడిదిపై విరుచుకుపడ్డారు. తెల్లారేదాకా పోరు సాగింది. మర్నాడు గుర్రపుదళంతో దూసుకెళ్లిన కెప్టెన్ న్యూబెరీ అక్కడికక్కడే కూలిపోయాడు. ఆయన కింది అధికారి స్టీవార్ట్ కూడా ఆ పోరులోనే ప్రాణాలు వదిలాడు. కానీ మద్రాసు సేనతో కల్నల్ హ్యూస్, మరోవైపు నుంచి కల్నల్ మాల్కం వస్తున్నారని తెలిసి కోటలో గుండెలు జారాయి. రాజు కొద్దిమంది రౌతులతో చీకట్లో హైదరాబాద్ దారి పట్టాడు. దండు లోపలికి వెళ్లేసరికి ఊరు ఖాళీ.

నిజాం రాజధానిలో అండ దొరుకుతుందని ఆయన ఆశ. అక్కడా చుక్కెదురైంది. బజారులో ఆనవాలు పట్టి బంధించారు. దివాను సాలార్‌జంగ్ ఆయన్ను రెసిడెంట్‌కు అప్పగించాడు.

ప్రాణం కన్నా మాట మిన్న

అప్పటికి బీరార్‌లో కొలువు చేస్తున్న టేలర్ హైదరాబాద్ వచ్చి ఖైదులో ఉన్న రాజును కలిశాడు. రాజు ఆయన్ను వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడే అసలు పరీక్ష ఎదురైంది. ఎవరు ఎగదోశారో చెబితే ప్రాణభిక్షకు దారి దొరుకుతుందని టేలర్ ద్వారా రెసిడెంట్ అడిగించాడు. పెంచిన చేతులే అడిగినా రాజు ఒక్క పేరూ చెప్పలేదు. నమ్మినవారిని పట్టిచ్చి బతకనన్నాడు. ఉరి మాత్రం వద్దని, ఫిరంగి నోటికి కట్టి పేల్చినా సరేనని అన్నాడట.

సైనిక విచారణలో మరణశిక్ష పడింది. రెసిడెంట్ దాన్ని యావజ్జీవ ద్వీపాంతర శిక్షగా మార్చాడు. గవర్నర్ జనరల్ ఇంకా తగ్గించి చెంగల్పట్టులో నాలుగేళ్ల ఖైదు చాలన్నాడు. నడవడి మారితే సంస్థానం తిరిగిచ్చే ఆశా చూపాడు. 1858 మేలో రాజును కాపలాతో తరలించారు. తొలి మజిలీలోనే డేరాలోంచి తుపాకీ శబ్దం వినిపించింది. కాపలా అధికారి బయటికెళ్లిన కాసేపటికి, ఆయన వదిలిన పిస్తోలుతోనే రాజు కాల్చుకున్నాడని అధికారులు తేల్చారు. అప్పుడాయనకు 24వ ఏడు.

నాలుగేళ్లాగితే గద్దె దక్కే మనిషి ఎందుకు చచ్చిపోవాలన్న ప్రశ్న మిగిలిపోయింది. ఆ డేరాలో ఏం జరిగిందో రాసిపెట్టింది ఇంగ్లిషువారే. రాజును దుబారా మనిషిగా, దుష్ట సావాసాల పాలైనవాడిగా చూపిందీ వారి రాతలే. అయినా ఆయన ఎవరి పేరూ బయటపెట్టలేదని ఒప్పుకున్నదీ ఆ రాతలే. శత్రువు పక్షాన నిలబడ్డ కలం కూడా దాచలేకపోయిన నిజం అది.

దొరలు దానమిచ్చిన రాజ్యం

ఆ ఏడాదే కొప్పళలో ముండరగి భీమరావు నేలకొరిగాడు. నరగుంద బాబాసాహెబ్‌ను జూన్‌లో బెళగావిలో ఉరితీశారు. అలా ఈ సీమలో తిరుగుబాటును అణిచేశారు. సురపురాన్ని స్వాధీనం చేసుకున్న కంపెనీ పాలన కోసం మళ్లీ టేలర్‌నే పంపింది. 1860లో కొత్త ఒప్పందం కుదిరింది. తిరుగుబాటులో తోడు నిలిచినందుకు ఇంగ్లిషువారు నిజాంకు రాయచూరు దోఆబ్‌ను వెనక్కిచ్చి, 50 లక్షల బాకీ రద్దుచేసి, సురపురాన్ని కానుకగా ముట్టజెప్పారు. రాజు ఆశ్రయం కోరి వెళ్లిన కొలువుకే ఆయన రాజ్యం బహుమానమైపోయింది.

అప్పటినుంచి 1948 దాకా యరగేర, సురపురం ఒకే నిజాం ఏలుబడిలో ఉన్నాయి. 1956లో రెండూ కన్నడ రాష్ట్రంలో చేరాయి. హద్దులు ఎన్నిసార్లు మారినా నదికి ఇరువైపులా ఉన్నది ఆ బేడర్లు, ఆ బోయలే. ఆ రోజు రాజు నోరు విప్పి ఉంటే ఎన్ని ఊళ్లలో ఎందరు ఉరికంబం ఎక్కేవారో. ఆయన మౌనం వల్ల బతికి బట్టకట్టినవారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు. ఎక్కకూడదనే ఆయన నోరు మెదపలేదు.