శిష్యుల చేతిలో ఓడిన గురువు: సోయిచిరో హోండా

శిష్యుని చేతిలో ఓడిపోవుట గురువునకు గౌరవమని మన పెద్దలు చెప్పుచు వచ్చినారు. చెప్పుట సులభము, అనుభవించుట కష్టము. తాను చేయిపట్టి నేర్పిన పడుచువాడు ఎదుట నిలిచి, తన లెక్క తప్పని చెప్పునపుడు తల వంచగలవారు లోకములో బహు కొద్దిమంది. జపాను యంత్రశిల్పి సోయిచిరో హోండా అట్టి కొద్దిమందిలో ఒకడు. సామాన్య కుటుంబము కొనగలిగినది, నడుపువానికి ఉత్సాహము కలిగించునది అని ఆయన పేరుగల కారు లోకమంతట కీర్తి గడించినది. ఆ కీర్తికి పునాది వేసినది సివిక్ అను చిన్న కారు. అది ఆయన గెలుపునుండి గాక ఓటమినుండి పుట్టినది.

హోండా 1906 నవంబరు 17న షిజువోకా మండలములో, హమామత్సు పట్టణమునకు చేరువనున్న కోమ్యో గ్రామమున జన్మించినాడు. తండ్రి గిహేయి కమ్మరి. కొలిమి పనితోపాటు సైకిళ్ళు బాగుచేయువాడు. తల్లి మికా మగ్గముపై బట్ట నేయునది. కొల్లేటి చుట్టుపట్ల పల్లెలలో పెరిగినవారికి ఆ బాల్యమును ఊహించుకొనుట కష్టము కాదు. కొలిమి, సైకిలు కొట్టు, ధాన్యపు మర మన పల్లెలకును కొత్తవి కావు. తివాచీల నేతకు పేరుపొందిన ఏలూరునకు మగ్గపు చప్పుడును కొత్త కాదు. ఆ ఊరికి కొంత దూరములో బియ్యము దంచు మర యొకటి ఉండెడిది. దాని ఇంజను చప్పుడు వినుటకై పసివాడు తాతగారి వీపున ఎక్కి పోవుచుండెను. పిల్లలు తిరునాళ్ళ మేళమునకు మురిసినట్లు ఆతడు యంత్రపు చప్పుడునకు మురిసెడివాడు.

ఒకనాడు ఆ ఊరిలోనికి మోటారుకారు వచ్చినది. పిల్లవాడు దానివెంట పరుగెత్తి, అది ఆగినచోట నేలపై కారిన నూనెను చేతులకు పూసికొని వాసన చూచినాడు. ఆ వాసన తన్ను జీవితాంతము విడువలేదని ముదిమిలోను చెప్పుకొనెడివాడు. 1917లో హమామత్సులో విమానపు ప్రదర్శన జరుగునని విని, తండ్రి సైకిలును ఎవరికిని చెప్పక తీసికొని, కాళ్ళు అందక కమ్మీ క్రిందుగా కాలు దూర్చి తొక్కుచు, సుమారు 20 కిలోమీటర్లు పోయినాడు. చేతనున్న కాసులు టిక్కెట్టునకు చాలకపోగా చెట్టెక్కి చూచినాడు.

బడిలో మాత్రము ఆతడు మంచి విద్యార్థి కాడు. మార్కుల పత్రముపై ఇంటి ముద్ర వేయించుకొని రమ్మని ఉపాధ్యాయులు పంపుచుండిరి. తండ్రికి చూపుటకు భయపడి, సైకిలు పెడలు రబ్బరును చెక్కి దొంగముద్ర తయారుచేసినాడు. అది చక్కగా పారినది. తోటివారికిని చేసిపెట్టినాడు, అక్కడ దొరికిపోయినాడు. హోండా అను పేరును జపాను లిపిలో వ్రాసినపుడు అది ఎడమనుండి చూచినను, కుడినుండి చూచినను ఒకేరీతిగా ఉండును. తక్కిన పేర్లు అట్లుండవు. ముద్రపై అక్షరమును తిరగవేసి చెక్కవలెనను సంగతి ఆతనికి తెలియకపోయెను. ఒకచోట ఫలించిన యుక్తి అన్నిచోట్ల ఫలించునని నమ్ముట ఆయన స్వభావములోని లోపము. అది అరువది ఏండ్ల వయస్సులో మరల ఆయనను పరీక్షించినది.

1922లో, పదునైదవ ఏట, టోక్యోలోని ఆర్ట్ షోకాయి అను కార్ల మరమ్మతు సంస్థలో పనివానిగా చేరినాడు. మొదటి మాసములు యజమాని సకకిబారా బిడ్డను ఎత్తుకొని ఆడించుటతోనే గడచినవి. కాని యజమాని ఆ పిల్లవాని చేతిలోని నేర్పును త్వరలోనే గుర్తించినాడు. పాత విమానపు ఇంజను నమర్చి ఆ సంస్థ కట్టిన పందెపు కారు 1924లో గెలిచినపుడు, నడుపువాని ప్రక్కన మెకానిక్కుగా కూర్చున్నవాడు ఈ కుర్రవాడే. 1928లో ఆ సంస్థ శాఖను హమామత్సులో తెరచి, చక్రములకు కొయ్య ఆకులకు మారుగా పోతయినుప ఆకులు అమర్చి పేరు గడించినాడు. 1936లో పందెమున కారు తల్లక్రిందులై తానును, ప్రక్కనున్న తమ్ముడును తీవ్రముగా గాయపడినారు.

పిదప పిస్టను రింగుల తయారీకి పూనుకొన్నాడు. చూచుటకు చిన్న ఉంగరమువంటి ఆ వస్తువు ఆయనను ఓడించినది. ఎన్ని పోతలు పోసినను రింగు విరుగుచుండెను. హమామత్సు సాంకేతిక కళాశాలలో ఒక ఆచార్యునికి చూపగా, లోహములో సిలికాను చాలలేదని తేలినది. చేతి పనితనము ఎంత గొప్పదైనను శాస్త్రము తెలియనిచో అక్కరకు రాదని గ్రహించి, ముప్పదియేండ్ల ఆ యజమాని కుర్రవాండ్ర నడుమ బల్లపై కూర్చుండి పాఠములు విన్నాడు. తనకు కావలసిన పాఠములే విన్నాడు, పరీక్షలు వ్రాయలేదు. పట్టా ఇయ్యమని కళాశాలవారనగా, సినిమా టిక్కెట్టు కొన్నవానికి లోనికి ప్రవేశమైనను నిశ్చయము, పట్టాకు ఆ పాటి హామీయు లేదని హేళన చేసినాడు. తుదకు రింగులు చేయగలిగినాడు. కాని టొయోటా సంస్థకు పరీక్షకై పంపిన 50 రింగులలో మూడు మాత్రమే నిలిచినవి. పనిని ఇంకను సవరించి, వారికి సరఫరా చేయు స్థితికి వచ్చునప్పటికి యుద్ధము ముదిరినది. బాంబులకు ఒక కర్మాగారము దెబ్బతిన్నది; 1945 జనవరి భూకంపములో మరియొకటి కూలినది. మిగిలినదానిని టొయోటా వర్గమునకే అమ్మి, ఏడాదిపాటు ఏ పనియు చేయక ఊరకుండినాడు.

యుద్ధానంతరము జపానులో పెట్రోలు కరవు, రైళ్ళలో కాలుపెట్ట సందు లేదు. బియ్యము తెచ్చుకొనుటకు జనులు సైకిళ్ళపై పల్లెలకు పోవుచుండిరి. సైన్యము విడిచిన చిన్న జనరేటరు ఇంజనులను కొని, 1946లో హోండా సైకిళ్ళకు అమర్చినాడు. భార్య సాచీ దానిని బజారులో నడిపి చూపినది. 1948 సెప్టెంబరు 24న హోండా మోటారు కంపెనీ ఏర్పడినది. మరుసటి ఏడు తకేవో ఫుజిసావా భాగస్వామిగా వచ్చినాడు. లెక్కలు, అమ్మకములు ఫుజిసావావి, యంత్రము హోండాది. ఒకరి పనిలో ఒకరు చేయిపెట్టకుండుట వారి ఒడంబడిక. 1958లో వచ్చిన సూపర్ కబ్ అను చిన్న మోటారుసైకిలు లోకమంతట వ్యాపించి, 2017 నాటికి పదికోట్ల సంఖ్యను దాటినది. మన దేశములో 1984లో స్థాపితమైన హీరో హోండా సంస్థ 1985లో తెచ్చిన సీడీ-100 బండియు ఆ శాఖలోనిదే. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవు ఆ బండి డెల్టా పల్లెలలో రైతునకు, బడిపంతులునకు ఆప్తమైనది.

హోండా మనస్సు మాత్రము కార్లపై నుండినది. 1961లో బ్రిటనులోని మాన్ ద్వీపపు పందెములలో ఆయన మోటారుసైకిళ్ళు రెండు తరగతులలోను మొదటి ఐదు స్థానములను గెలిచినవి. ఆ ఏడే జపాను వాణిజ్య మంత్రిత్వశాఖ, ఉన్న కార్ల కంపెనీలు చాలును, క్రొత్తవి వలదను విధానమును తలపెట్టినది. హోండా అధికారులతో పోరాడి, తలుపు మూయకమునుపే లోన అడుగుపెట్టవలెనని త్వరపడినాడు. కారునకు ఎఱ్ఱరంగు వేయరాదు, అది అగ్నిమాపక శకటములది యను నిబంధనపైనను పోరాడి గెలిచినాడు. 1963లో టి-360 చిన్న లారీయు, ఎస్-500 అను రెండు సీట్ల కారును వెలువడినవి. 531 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజను నిమిషమునకు ఎనిమిది వేల చుట్లు తిరుగుచు పాడునట్లు మ్రోగెడిది. వెనుక చక్రములకు మోటారుసైకిలునకు వలె గొలుసులుండినవి. 1965లో మెక్సికోలో ఆయన కారు ఫార్ములా వన్ పందెమును గెలిచినది. 1967లో విక్రయమునకు వచ్చిన ఎన్-360 ధర 3,13,000 యెన్లు. ఇంజనును అడ్డముగా అమర్చి ముందు చక్రములను త్రిప్పుటచే, చిన్న కారులోను నలుగురు కూర్చుండ చోటు మిగిలినది. కుటుంబముల కారులో పందెపు కారు చురుకుదనమును చేర్చుటయే ఆయన విద్య.

ఇచ్చటనే ఆ దొంగముద్ర కథ మరల జరిగినది. మోటారుసైకిలు ఇంజను గాలిచే చల్లబడును. కారు ఇంజనునకును గాలియే చాలునని ఆయన పట్టుపట్టినాడు. నీటిచే చల్లబరచినను ఆ నీటిని చల్లార్చునది తుదకు గాలియే గదా యనునది ఆయన తర్కము. 1968 జూలైలో ఫ్రాన్సులోని రువాన్ పందెమున గాలిచే చల్లబడు క్రొత్త కారును దింపినారు. అది ఇంకను పక్వము కాలేదని జాన్ సర్టీస్ నడుపనన్నాడు. దానిని నడిపిన జో ష్లెసర్ కారు ఒరిగి, మంటలలో చిక్కి మరణించినాడు. మరుసటి ఏడు వచ్చిన హెచ్-1300 కారు బరువై, ఖరీదై, అమ్ముడుపోలేదు. యువ ఇంజనీర్లు విసిగినారు. గాలితో ఇంజను వేడిమిని అదుపులో నుంచలేము, వేడిమి అదుపులో లేనిచో పొగలోని విషమును తగ్గింపలేము అనునది వారి వాదము. కాని ఆయనకు కోపము వచ్చినచో స్పానరు గాలిలో లేచెడిది. పిడుగని వారు చాటున పిలుచుకొనెడివారు. ఆ పిడుగునకు ఎదురు చెప్పుట యెట్లు?

1969 వేసవిలో వారు ఫుజిసావాతో మొర పెట్టుకొన్నారు. ఎన్నడును యంత్రము సంగతి ఎత్తని ఆ మిత్రుడు మొదటిసారిగా హోండాను అడిగినాడు: కంపెనీ అధ్యక్షుడుగా ఉండదలచినాడా, లేక ఇంజనీరుగానా యని. హోండా కొంత తడవు మౌనముగా నుండి, అధ్యక్షుడుగానే ఉందునని చెప్పినాడు. ఐనచో నీటి ఇంజనునకు అనుమతి ఈయవలెనని మిత్రుడనగా, సరే యన్నాడు. మరునాడు కార్యాలయమునకు పోయి ఆ మాటనే యువకులకు చెప్పినాడు.

ఆ అనుమతినుండి పుట్టినవి రెండు. మొదటిది 1972 జూలైలో వెలువడిన సివిక్. సుమారు 1,170 ఘన సెంటీమీటర్ల ఇంజను అడ్డముగా ముందు, చక్రములు నాలుగు మూలలకు జరిపి, నాల్గింటికి విడివిడిగా స్ప్రింగులు, తేలికయైన పొట్టి దేహము: చెప్పినట్లు మలుపు తిరుగును, తక్కువ పెట్రోలు త్రాగును. 1973లో చమురు కొరత వచ్చినపుడు లోకము దాని విలువను గుర్తించినది. రెండవది సీవీసీసీ అను ఇంజను. పెట్రోలు మిక్కుటమైన కొద్దిపాటి మిశ్రమమును ఒక చిన్న గదిలో వెలిగించి, ఆ జ్వాలతో పెద్ద గదిలోని పలుచని మిశ్రమమును మండించుట దాని రహస్యము. నిప్పురవ్వకు అంటుకొనని పచ్చికట్టెను ఎండుపుల్ల మంటతో రాజేసినట్లు ఆ ఏర్పాటు పనిచేయును. పొగవిషమును అణచుటకు అమెరికా విధించిన 1975 నాటి ప్రమాణములను లోకములో మొదట అందుకొన్నది ఆ ఇంజనే. 50 రింగులలో 47 త్రిప్పిపంపిన టొయోటా సంస్థయే 1972 డిసెంబరులో ఆ విద్యకు అనుమతిపత్రము పుచ్చుకొన్నది.

ఐనను హోండాకు అసలైన పాఠము మరియొకటి. ఈ ఇంజనుతో అమెరికా పెద్ద కంపెనీల సరసన నిలువవచ్చునని ఆయన సంబరపడగా, తాము కంపెనీ గెలుపునకై గాక, రాబోవు పిల్లలు పీల్చు గాలికొరకు పనిచేయుచున్నామని యువకులు చెప్పినారు. కొల్లేటి కథ తెలిసినవారికి ఆ మాట బరువు తెలియును. చేపల చెరువుల గట్లు సరస్సును నింపివేయగా, 2006లో వానిని ప్రభుత్వము పగులగొట్టవలసివచ్చినది. ఒకరి లాభమునకు అందరి సొత్తయిన నీరు, గాలి బలియైన పిదప సరిదిద్దుట ఎంత కష్టమో మన ప్రాంతము చూచినది. ఆ యువకులు ముందుగానే ఆలోచించినారు. వారు తన్ను దాటిపోయినారని హోండా గ్రహించినాడు; సిగ్గుపడినాడు; సంతోషించినాడు.

1973లో, కంపెనీకి 25 ఏండ్లు నిండిన వేళ, ఆయనయు ఫుజిసావాయు కలిసియే పదవులు విడిచినారు. కొడుకునకు గాక, 45 ఏండ్ల కియోషి కవాషిమాకు పీఠము నప్పగించినారు. కవాషిమా 1947లో చేరిన ఇంజనీరు. హోండా హేళన చేసిన పట్టాను ఆ హమామత్సు కళాశాలనుండియే పుచ్చుకొన్నవాడు. పిదప హోండా దేశమంతట తిరిగి, తన పేరుగల ప్రతి కర్మాగారమును, దుకాణమును దర్శించి పనివారి చేతులు పట్టుకొని కృతజ్ఞత చెప్పినాడు. ఒకచోట ఒక మెకానిక్కు నూనె అంటిన చేతిని కడుగుకొన బోగా ఆపి, ఆ చేతినే పట్టుకొని, ఆ నూనె వాసనను ఆప్యాయముగా చూచినాడు. 1991 ఆగస్టు 5న టోక్యోలో మరణించినాడు. కార్లు చేసి బ్రతికినవాడు తన అంత్యక్రియలతో బాటకు అడ్డము కారాదని, కంపెనీ పక్షమున పెద్ద ఊరేగింపు వలదని ముందే చెప్పియుంచినాడు.

1998లో హోండా సిటీ కారు మన దేశమునకు వచ్చినది. నేడు ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా పోవు జాతీయరహదారిపై ఆ పేరుగల కార్లు పోవుచుండుట వింత కాదు. తాడేపల్లిగూడెములో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో యంత్రశాస్త్రము చదువు పిల్లలు ఆ ఇంజనుల సూత్రములను లెక్కలతో నేర్చుకొందురు. హోండా చేతులతో నేర్చుకొన్నాడు. ఏది మేలని తగవులాడ నక్కరలేదు. చేతికి శాస్త్రము కావలెనని ఆయన ముప్పదవ ఏట కళాశాల బల్లపై తెలిసికొన్నాడు. గురువునకు శిష్యుడును గురువే కావచ్చునని అరువది దాటిన పిమ్మట తెలిసికొన్నాడు. ఈ రెండవ పాఠమునకు పాఠ్యపుస్తకము లేదు. తన లెక్క తప్పని చెప్పిన పిల్లవానిని కూర్చుండుమనక, నల్లబల్ల దగ్గరకు పిలిచిన ప్రతి ఉపాధ్యాయుడును దానిని తానే వ్రాసికొనుచున్నాడు.