చెదల నోటినుండి గ్రంథాలను విడిపించిన బ్రౌను దొర

చెరలో ఉన్న పౌలు తిమోతిని తెమ్మని అడిగినవాటిలో అంగీతోపాటు పుస్తకాలు, చర్మపు కాగితాలు కూడా ఉన్నాయి. మరణం దగ్గరపడిన వేళలోనూ ఆయన పుస్తకాలను మరువలేదు. తెలుగు నేలమీద పుస్తకాలకోసం జీతాన్నీ జీవితాన్నీ వెచ్చించిన ఒక దైవసేవకుని కుమారుణ్ణి ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌను అక్కడ పాదిరిగా సేవచేసిన బహుభాషావేత్త. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1817లో మద్రాసు చేరేనాటికి చార్లెసుకు తెలుగు రాదు. అక్కడే అక్షరాలు దిద్దుకున్నారు. తరువాత కడప, మచిలీపట్నం, రాజమహేంద్రవరం ప్రాంతాల్లో పనిచేశారు. మన కోనసీమ ఆనాడు రాజమహేంద్రవరం జిల్లాలోనిదే.

ఆయన చూసిన తెలుగు సాహిత్యం తాటాకులమీద శిథిలమవుతూ ఉంది. తాటాకు తేమకూ పురుగుకూ తట్టుకోలేదు. ఒక తరంవారు తిరిగి రాసుకోకపోతే ఆ కావ్యం వారితోనే అంతరిస్తుంది. బ్రౌను ఈ పనికి పూనుకున్నారు. ఒక్కో గ్రంథానికి ఊరూరినుండి ప్రతులు తెప్పించారు. లేఖకులు వాటిని కాగితంమీదికి ఎత్తి రాస్తే, పండితులు ఒకదానితో ఒకటి పోల్చి తప్పులు సరిదిద్దేవారు. ఆపైన శుద్ధప్రతి రాయించి గట్టి బైండు వేయించేవారు. జూలూరి అప్పయ్యవంటి పండితులు ఈ పనిలో ఆయనకు కుడిభుజమయ్యారు. కడపలోని ఆయన బంగళా పండితుల కార్యశాలగా మారింది. వేమన పద్యాలు 1829లో 693, 1839లో 1,164 అచ్చుకెక్కింది ఈ శ్రమవల్లనే.

పండితులకూ లేఖకులకూ జీతాలు, కాగితానికీ బైండుకూ ఖర్చు చాలావరకు ఆయన జేబులోనివే. అందుకు అప్పులు కూడా చేశారు. సెలవుపై లండను వెళ్లినప్పుడు ఇండియా హౌసులో మూలపడివున్న దక్షిణాది తాళపత్రాలు ఆయన కంటపడ్డాయి. ఊరుకోక వాటిని మద్రాసుకు తిరిగి పంపించేలా చేశారు. తన సేకరణను కూడా మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. నేడు ఇవన్నీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. బైబిలు తెలుగు అనువాదంపైనా ఆయన శ్రమించారు. 1852లో వెలువడిన ఆయన తెలుగు నిఘంటువును అచ్చువేసింది మద్రాసులోని క్రైస్తవ ముద్రణాలయమే. అవివాహితుడిగానే జీవించి, 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశారు.

ఆయన కాపాడినవాటిలో ఎక్కువభాగం తన విశ్వాసానికి చెందిన గ్రంథాలు కావు, తన మాతృభాషవీ కావు. అయినా పొరుగువారి సొత్తు పాడైపోతుంటే చూస్తూ ఊరుకోలేదు.

ప్రియ సంఘమా, మన సొంత సొత్తు సంగతేమిటి? అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పాత మందిరాల బీరువాల్లో తాతలనాటి బైబిళ్లు, కీర్తనల పుస్తకాలు, బాప్తిస్మపు రిజిస్టర్లు ఉన్నాయేమో తెరచి చూడండి. గోదావరి తేమ, చెదలు మన తీరికకోసం ఆగవు. మందిరానికి రంగులు వేయించేటప్పుడు ఒక్క పాత పుస్తకం మరమ్మతుకైనా కొంత సొమ్ము తీసిపెట్టండి. ఒక కుటుంబం ఒక పుస్తకం బాధ్యత తీసుకున్నా చాలు. చిరిగిన పుటను జిగురు టేపుతో అంటించక, పని తెలిసినవారికి అప్పగించండి. మన పిల్లలు తమ ముత్తాతల పేర్లు చదువుకోగలరో లేదో మన చేతుల్లోనే ఉంది.