మా బాపమ్మ కాలు, సుబ్బారావుగారి మాత్ర

ఈసారి గోడపత్రికకి ఎవరైనా గొప్పవాళ్ల జీవితం రాసివ్వమని మేడమ్ చెప్పినప్పుడు క్లాసులో సగంమంది కవుల పేర్లు రాసుకున్నారు. నేను ఒక డాక్టరు పేరు రాసుకున్నాను. యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగు డిపార్ట్‌మెంట్‌లో డాక్టరెందుకే అని మా బెంచీ వాళ్లు నవ్వారు. ఎందుకో చెప్పాలంటే ముందు మా బాపమ్మ కాలు గురించి చెప్పాలి.

మా ఇల్లు మహారాష్ట్రలో, ఠాణే జిల్లా భివండిలోని నాగావ్‌లో ఉంది. బాపు వాళ్లది సిరిసిల్ల. ఆయి మరాఠీ. అందుకే మా ఇంట్లో అన్నం దగ్గర ఒక భాష, తిట్లకి ఇంకో భాష. ఊళ్లో చేనేత మగ్గం కూడు పెట్టని రోజుల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి ఎందరో పద్మశాలీలు షోలాపూర్, భివండి, సూరత్ వెళ్లిపోయారు. మా తాత కూడా అలాగే వచ్చి సాంచెల మీద పనికి కుదిరాడు. బాపమ్మ ఇంట్లో కూర్చుని కండెలు చుట్టేది.

ఆమె ఎడమ కాలు మోకాలి కింద నుంచి లావుగా, గట్టిగా ఉంటుంది. తెలుగులో బోదకాలు అంటాం. ఆయి హత్తీరోగ్ అంటుంది. బాపమ్మ ఎప్పుడూ చీర కుచ్చిళ్లు నేల తాకేలా కట్టుకుంటుంది. పెళ్లిళ్లకి వెళ్లదు, ఫొటోకి నిలబడదు. ఆ కాలు దోమ వల్ల వచ్చిందని నాకు చాలా ఏళ్లు తెలియదు. చిన్నప్పుడు నేను కూడా ఆమె మంచం మీద కూర్చోవడానికి భయపడేదాన్ని.

నాకు పన్నెండేళ్లప్పుడు హత్తీరోగ్ మాత్రలు పంచేవాళ్లు ఇంటికొచ్చారు. కళ్ల ముందే మింగమన్నారు. పక్కింటి వాళ్లకి అవి వేసుకున్నాక తల తిరిగిందని విని ఉన్నాను. నాలుక కింద దాచి, వాళ్లు గడప దాటగానే బయట మోరీలో ఉమ్మేశాను. బాపమ్మ మాత్రం తన మాత్రలు నీళ్లతో మింగి, వేలి మీద సిరా గుర్తు వేయించుకుంది. కాలు ఎలాగూ తగ్గదు కదా, ఈమెకెందుకు అనుకున్నాను. ఆ రోజు నేను ఉమ్మేసిన దాంట్లో ఒక తెలుగాయన కష్టం ఉందని ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడే తెలిసింది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో ఏడుగురు పిల్లలు, డబ్బుకి ఇబ్బంది. చదువు మీద ఆయనకి మొదట్లో పెద్ద ధ్యాస లేదు. పదమూడేళ్లప్పుడు డబ్బు సంపాదిద్దామని, యాత్రికులకి అరటిపళ్లు అమ్ముదామని కాశీకి బయల్దేరారు. తల్లి వెనక్కి తెప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. ఒకసారి తప్పితే జీవితం అయిపోయిందని ఏడ్చే మనలాంటి వాళ్లం ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మద్రాసులో కాలేజీ చదువు. ఆ వయసులో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి అవ్వాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. దాంతో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి అనే అమ్మాయితో పెళ్లయింది. చదువు ఖర్చుకి మామగారు సాయపడ్డారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరుతో కుట్టిన సర్జికల్ దుస్తులు వేసుకున్నందుకు ప్రొఫెసరుకి కోపం వచ్చింది. పరీక్షలన్నీ రాసినా ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికన్నా తక్కువైన ఎల్.ఎం.ఎస్. చేతికిచ్చారు.

ఆయన్ని అసలు మార్చింది చావు. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాలో పోయారు. వాళ్లని తీసుకుపోయింది స్ప్రూ. మనవాళ్లు సంగ్రహణి అనే జబ్బు లాంటిది. తిన్నది ఒంటికి పట్టదు, మనిషి రోజురోజుకి ఎండిపోతాడు. తర్వాత ఆయనకీ అదే వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి మందుతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కాలేజీలోనే పాఠాలు చెప్పారు. కానీ తన ఇంట్లో ఇద్దరిని మింగిన జబ్బుకి కారణం ఏమిటో తేల్చుకోవాలన్న పంతం ఆయన్ని వదల్లేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన డబ్బుతో 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశపు జబ్బుల గురించి చదివారు. అక్కడ మన డిగ్రీకి విలువ లేదు. పొట్ట గడవడానికి ఒక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. పగలు ప్రయోగశాలలో. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో అచ్చయింది. ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అని ఆయన పేరుతోనే సైన్సు విద్యార్థులు చదువుతారు. తర్వాత కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఎ.టి.పి.ని కూడా వాళ్లిద్దరూ బయటపెట్టారు. మనం ఈ మెట్లెక్కి గోడపత్రిక దగ్గరికి రావాలన్నా ఆ ఎ.టి.పి. ఖర్చవ్వాల్సిందే.

అంత పని చేసినా హార్వర్డ్ ఆయనకి స్థిరమైన పెద్ద ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లే ప్రయోగశాలకి మారారు. తర్వాత అక్కడి పరిశోధనలన్నిటికీ పెద్ద అయ్యారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అది స్ప్రూ రోగులకి పనిచేసింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకి వాళ్ల జబ్బుకి మందు దొరికింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు మా బాపమ్మ మాత్ర దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు సమోవా లాంటి పసిఫిక్ దీవుల్లో దిగారు. అక్కడి దోమలు వేలమందికి ఫైలేరియా అంటించాయి. చేతులూ కాళ్లూ వాచి, భయంతో వెనక్కి వచ్చారు. అప్పటిదాకా అది ఎక్కడో వేడి దేశాల బీదవాళ్ల జబ్బు. తమ పిల్లలకి వచ్చాక మందు కావాలన్న తొందర మొదలైంది. లెడర్లేలో సుబ్బారావుగారి కింద పనిచేసే బృందం ఫైలేరియా పురుగులున్న ఎలుకల మీద ఒక్కొక్క రసాయనాన్నీ పరీక్షించింది. చివరికి డైఇథైల్‌కార్బమజైన్ దొరికింది. పొడుగు పేరు కాబట్టి డి.ఇ.సి. అంటారు. హెట్రజాన్ పేరుతో 1947లో లోకానికి తెలిసింది. ప్యూర్టోరికోలో రోగులకిచ్చి చూస్తే రక్తంలోని పిల్ల పురుగులు తగ్గిపోయాయి.

ఈ జబ్బు ఊళ్లు ఎలా దాటుతుందో కూడా చెప్పాలి. పెద్ద పురుగులు మనిషి ఒంట్లో శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి ఉంటాయి. వాటి పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా రక్తపరీక్షకి రాత్రి వస్తారు. మురికినీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ ఆ రక్తం తాగి, కొన్నాళ్ల తర్వాత ఇంకొకరిని కుడితే పురుగు వాళ్లలోకి పోతుంది. ఒక్కసారి కుడితే సాధారణంగా రాదు, నెలలూ ఏళ్లూ కుట్టాలి. దోమ ఎంతో దూరం ఎగరలేదు. మన దేశంలో ఉండే ఈ పురుగుకి మనిషి తప్ప వేరే ఇల్లు లేదు. అంటే కొత్త ఊరికి అది వెళ్లాలంటే మన రక్తంలోనే వెళ్లాలి. సైనికుడితో ఓడెక్కుతుంది, కూలీతో రైలెక్కుతుంది. కరీంనగర్ వైపూ, బీహారులో, ఉత్తరప్రదేశ్‌లో కూడా ఫైలేరియా ఉంది. ఆ ఊళ్ల నుంచే సాంచెల పనికి జనం వస్తారు. ఒక గదిలో పదిమంది పడుకుంటారు, గది పక్కనే మోరీ. దోమకి ఇంకేం కావాలి? ఇందులో వలస వచ్చినవాడి తప్పు లేదు. పని ఉన్నచోటికి మనిషి పోతాడు. కానీ మందు కూడా అతని వెంట పోవాలి.

మన దేశం 1955లో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ డి.ఇ.సి. పంచుతున్నారు. తర్వాత ఆల్బెండజోల్ కలిపారు, కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా. చైనాలో ఉప్పులో డి.ఇ.సి. కలిపి తినిపించారు, 2007లో ఆ దేశంలో ఈ జబ్బు పోయిందని ప్రకటించారు. మన ప్రభుత్వం 2027 లక్ష్యంగా పెట్టుకుంది. ఏళ్ల క్రితం వాచిన కాలుని ఈ మాత్ర మామూలుగా చేయలేదు. రోజూ కడిగి, ఆరబెట్టి, పుండు పడకుండా చూసుకోవాలి. మాత్ర చేసేది వేరే పని. రక్తంలోని పిల్ల పురుగుల్ని చంపి, దోమకి అందకుండా చేస్తుంది. పురుగులు చచ్చేటప్పుడే కొందరికి కాస్త జ్వరం, తలతిరుగుడు వస్తుంది. నేను భయపడింది దానికే. గర్భిణులకి, రెండేళ్లలోపు పిల్లలకి, బాగా జబ్బుపడ్డ వాళ్లకి ఇవ్వరు. మిగతా అందరూ మింగితేనే ఊరు బాగుపడుతుంది. బాపమ్మ మింగింది తన కాలు కోసం కాదు, నా కాలు కోసం.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. కొన్నేళ్లలో తిరిగొస్తాననుకుని వెళ్లిన మనిషి ఇరవై ఆరేళ్లు అక్కడే ఉండిపోయారు. స్వతంత్రం వచ్చిన దేశాన్ని చూడలేదు. శేషగిరిగారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన్ని గొప్పవాడని రాసేటప్పుడు ఆమెని వదిలేయడం నాకు మనసొప్పలేదు. 1995లో ఆయన శతజయంతికి మన తపాలాశాఖ స్టాంపు వేసింది.

పోయిన సెలవుల్లో నాగావ్ వెళ్లినప్పుడు బాపమ్మకి ఇదంతా చెప్పాను. ఆమె కాలు కడుగుతూనే చెప్పాను. అంతా విని, ఆయన వాళ్లమ్మ మళ్లీ కొడుకుని చూసుకుందా అని మాత్రం అడిగింది. లేదన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పుడే మోరీలో ఉమ్మిన సంగతి కూడా చెప్పేశాను. తిడుతుందనుకున్నా. తడి కాలు తుడుచుకుని, మాత్రల వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో కనుక్కొమ్మంది.

మన హాస్టల్లో ఉన్నవాళ్లలో కూడా ఫైలేరియా జిల్లాల వాళ్లం చాలామందిమే ఉన్నాం. ఈసారి మాత్రలు పంచేవాళ్లు వచ్చినప్పుడు నేను నాలుక కింద దాచను. మీరూ దాచకండి.