తన పడకను ఇచ్చిన సేవకురాలు – జీన్ జుగాన్



దిక్కులేని వృద్ధులకు అన్నము పెట్టుట ధర్మమని మనకందరికిని తెలియును. అయితే అన్నముతో పాటు వారి మాటకు విలువ, వారి చేతికి పని, వారి ఇష్టమునకు చోటు ఉండవలెనని గ్రహించినవారు కొద్దిమందియే. అట్టివారిలో ఫ్రాన్సు దేశస్థురాలైన జీన్ జుగాన్ ఒకరు. ఆమె రోమన్ కతోలిక సంఘమునకు చెందినది. మన సంప్రదాయము వేరైనను, ఆమె జీవితమునుండి మనము నేర్చుకొనవలసినది కలదని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జీన్ 1792వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన బ్రిటనీ ప్రాంతములోని కాంకాల్ అను రేవు పట్టణములో జన్మించెను. ఫ్రెంచి విప్లవము దేశమును అల్లకల్లోలము చేయుచున్న దినములవి. ఆమెకు నాలుగేండ్లయినను నిండకముందే తండ్రి చేపల వేటకు సముద్రము మీదికి వెళ్లి మరల రాలేదు. తల్లి కష్టపడి పిల్లలను పెంచెను. పదహారేండ్ల ప్రాయమున జీన్ ఒక గొప్పింటి దొరసాని యొద్ద వంటపనికి కుదిరెను. ఆ దొరసాని పేదలను, రోగులను చూడబోవునప్పుడు ఈమెను వెంట తీసికొని పోయెడిది. ఒక నావికుడు పెండ్లాడెదనని రెండు పర్యాయములు అడిగినను జీన్ ఒప్పుకొనలేదు. 25వ యేట సెయింట్ సెర్వాన్ పట్టణమునకు వచ్చి ఆసుపత్రిలో పరిచర్య చేసెను. తరువాత ఒక అవివాహిత స్త్రీ యింట పండ్రెండేండ్లు పనిమనిషిగాను, తోడుగాను ఉండి, 1835లో ఆమె కన్నుమూయువరకు కనిపెట్టుకొనియుండెను.

1839వ సంవత్సరపు చలికాలము వచ్చెను. ఆన్ షోవాన్ అను విధవరాలు చూపు లేక, పక్షవాతముతో సగము శరీరము పడిపోయి, దిక్కులేనిదై యుండెను. అప్పటికి జీన్ వయస్సు 47 ఏండ్లు. మరియొక స్త్రీతో కలిసి అద్దె గదులలో ఉండి కూలిపనితో జీవించుచుండెను. ఆమె ఆ వృద్ధురాలిని మోసికొని మెట్లెక్కి, తన పడకమీద పరుండబెట్టి, తాను పైనున్న అటుకమీద పండుకొనెను. అప్పటికి కమిటీ లేదు, చందాల పుస్తకము లేదు. ఉన్నది ఒక్క పడక, దానిని ఇచ్చివేసెను.

కొద్దికాలములోనే రెండవ వృద్ధురాలు వచ్చెను. చితికిపోయిన తన యజమానులను చివరివరకు పోషించి, ఉన్నదంతయు వారికే ఖర్చుపెట్టి, వట్టిచేతులతో మిగిలిన పనిమనిషి ఆమె. 1841లో పండ్రెండుమందికి చాలిన ఇల్లొకటి అద్దెకు తీసికొనిరి. మరుసటి సంవత్సరము నలుబదిమందికి చాలిన పాత మఠము నొకదానిని కొనిరి. ఆ పరిచర్యయే తరువాత లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్, అనగా పేదల చిన్న సోదరీమణులు, అను పేరు పొందెను.

ఆ వృద్ధులలో అనేకులు వీధులలో బిచ్చమెత్తి బ్రదికినవారే. జీన్ చేసినదేమనగా, ఎవరెవరు వారికి ధర్మము చేయుచుండిరో ఆ పేర్లు వారినే అడిగి తెలిసికొని, బుట్ట చేతపట్టి వారికి బదులుగా తానే ఆ గడపలు తొక్కెను. చేయి చాచుటలోని సిగ్గును వారి మీదనుండి తీసి తనమీద వేసికొనెను. ఒకడు కోపముతో ఆమెను చెంపమీద కొట్టగా, ఆ దెబ్బ తనకు చెల్లినదనియు, ఇక తన పేదలకేమైన ఇమ్మనియు ఆమె అడిగెనని చెప్పుకొందురు. ఇంటిలో ఓపికయున్నవారు నూలు వడుకుట మొదలగు పనులు చేసిరి. తాము తిను రొట్టెలో తమ కష్టము కూడ కొంత కలదని చెప్పుకొనుటకు వారికి వీలాయెను.

1845లో ఫ్రెంచి అకాడమీవారు ఆమెకు మొంత్యోన్ బహుమానముగా 3,000 ఫ్రాంకులు ఇచ్చిరి. అయితే అప్పటికే ఆమెకు అన్యాయము జరిగియుండెను. 1843 డిసెంబరులో సోదరీమణులు ఆమెను తమ పెద్దగా రెండవమారు ఎన్నుకొనిరి. కొద్ది దినములకే లె పాయర్ అను గురువు ఆ ఎన్నికను త్రోసివేసి, 23 ఏండ్ల మరీ జామెను ఆ స్థానమున ఉంచెను. తానే ఆ సంస్థకు మూలపురుషుడనని చెప్పుకొనెను. 1852లో జీన్‌ను బుట్ట మాన్పించి రెన్ పట్టణములోని మఠమునకు పిలిపించిరి. 1856లో అక్కడనుండి సెయింట్ పెర్న్ గ్రామమునకు తరలించిరి. మొత్తము 27 సంవత్సరములు ఆమె ఏ అధికారము లేక ఉండెను. కొత్తగా చేరిన కన్యకలు ఆమెను ఒక ముసలి సోదరిగా ఎరుగుదురే గాని, ఆ ఇంటికి పునాది వేసినది ఆమెయేనని ఎరుగరు. 1879 ఆగస్టు 29న 86వ యేట ఆమె నిద్రించునప్పటికి 177 గృహములు, 2,400 మంది సోదరీమణులు ఉండిరి. 1890లో లె పాయర్ పదవి పోయెను. తరువాత నిజము వెల్లడియాయెను. 2009లో రోమా సంఘము ఆమెను పునీతురాలిగా ప్రకటించెను. ఆ సోదరీమణులు 1882లో కలకత్తాకు వచ్చిరి. మన సికింద్రాబాదులోను వృద్ధాశ్రమము నెలకొల్పిరి.

ఆమె మౌనమును తగ్గింపు అని అందరును కొనియాడుదురు. నిజమే. కాని మేమొక మాట చెప్పవలసియున్నది. తగ్గింపును ఎవరికి వారు ఎన్నుకొనవలెనే గాని, ఒకరు మరియొకరిపై మోపరాదు. వృద్ధులకు ఓపిక మంచిదని బోధించి, వారిని అడుగవలసినది అడుగక మానుట మన అలవాటైపోయినది.

ఇది ఇతరులను గూర్చి వ్రాయుట కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు దినములలో మేము స్త్రీల సమాజముతో కలిసి ఒక వృద్ధాశ్రమమునకు వెళ్లి, అందరికిని ఒకే రకము తెల్లచీరలు పంచితిమి. ఒక పెద్దమ్మ చీరను తడిమి చూచి, రంగుది ఏదైన ఉన్నదా అని అడిగెను. ఈ వయస్సులో రంగెందుకమ్మా అని మేము నవ్వితిమి. ఆమెయు నవ్వి, చీరను మడిచి తలగడ క్రింద పెట్టుకొనెను. మరుసటి యేడు మేము వెళ్లునప్పటికి ఆ మంచము మీద వేరొకరుండిరి. ఆ చీరను ఆమె ఒక్కనాడైనను కట్టుకొనలేదని అక్కడ పనిచేయు ఆయమ్మ చెప్పెను. ఆ దినమున మేమెంతో ప్రార్థన చేసితిమి, పాటలు పాడితిమి. ఆమెకు ఏ రంగు కావలెనో మాత్రము అడుగలేదు.

అప్పటినుండి మేము కొన్ని చిన్న సంగతులు పాటించుచున్నాము. తలుపు తట్టి, పిలిచిన పిమ్మటనే లోనికి పోవుచున్నాము. వార్డెనును కాక, మొదట మంచము మీదనున్న వారినే పలుకరించుచున్నాము. ఏ కీర్తన పాడవలెనో వారినే అడుగుచున్నాము. ప్రార్థన వద్దనినవారి యొద్ద ఊరక కూర్చుండి వచ్చుచున్నాము. కూరగాయలు తరుగగలవారి చేతిలోనుండి కత్తిపీట లాగివేయవద్దని పనివారితో చెప్పుచున్నాము. ఇవి ఖర్చులేని పనులు. అయినను నేర్చుకొనుటకు మాకు చాల కాలము పట్టెను.

మన సంఘములలోను, మన ఇండ్లలోను మూలగదులలో మంచము పట్టినవారు అనేకులు కలరు. వారు ఒకనాడు ఇల్లు కట్టినవారు, సంఘము నిలిపినవారు. ఈ శతజయంతి వారి కష్టార్జితమే. పండుగ పంక్తిలో వారికేమి వడ్డింతుమని ఆలోచించుటకు ముందు, వారికేమి కావలెనో వారి యొద్దకే వెళ్లి అడుగుదము. అడిగి, వారు చెప్పువరకు నిలిచి వినుటకు ప్రభువు మనకు మనస్సు దయచేయును గాక.