టామీ గన్ వెనకున్న పెద్దాయన

పబ్జీలో టామీ గన్ దొరికితే మా హాస్టల్లో ఎవడూ దాన్ని ఎక్కువసేపు ఉంచుకోడు. దగ్గర్లో బాగానే పనిచేస్తుంది గానీ కాస్త దూరమైతే దండగ అని పారేసి ఇంకోటి తీసుకుంటారు. నేనూ అంతే. ఫస్టియర్ అంతా ఆడాను గానీ ఆ పేరు ఎక్కడిదని ఒక్కరోజూ ఆలోచించలేదు. థర్డ్ ఇయర్‌లో మెషిన్ డిజైన్ పరీక్షకి సెల్ఫ్ లాకింగ్ స్క్రూ గురించి చదువుతుంటే ఈ తుపాకీ మళ్ళీ ఎదురైంది. కారు జాకీ ఎక్కించాక వదిలేసినా తనంతట తాను దిగదు కదా, ఘర్షణ దాన్ని పట్టి ఉంచుతుంది. సరిగ్గా అలాంటి నమ్మకం మీద ఒక పెద్దమనిషి 55 ఏళ్ళ వయసులో కంపెనీ పెట్టాడని చదివి, ప్రాబ్లమ్స్ పక్కనపెట్టి ఆయన జీవితం వెంట పడ్డాను.

ఆయన పేరు జాన్ టాలియఫెరో థాంప్సన్. 1860 డిసెంబర్ 31న అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో పుట్టాడు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. కొడుకూ అదే దారి పట్టి 1882లో వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీ నుంచి బయటికొచ్చాడు. కొన్నేళ్ళకి ఆర్డ్‌నెన్స్ శాఖలో చేరాడు. ఆర్డ్‌నెన్స్ అంటే సైన్యానికి తుపాకులు, మందుగుండు తయారుచేయించి, పరీక్షించి, అందించే శాఖ. యుద్ధం చేసేవాడి కంటే యుద్ధానికి సరుకు పంపేవాడి ఉద్యోగం అన్నమాట. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఫ్లోరిడాలోని టాంపా రేవు నుంచి క్యూబాకి మందుగుండు పంపే బాధ్యత ఆయనదే. జాన్ పార్కర్ అనే కుర్ర లెఫ్టినెంట్ గాట్లింగ్ తుపాకులతో ప్రత్యేకంగా ఒక దళం కడతానంటే, పైవాళ్ళ కోసం ఎదురుచూడకుండా సాయం చేసింది కూడా ఈయనే. చేత్తో తిప్పే ఆ తుపాకులు శాన్ హువాన్ గుట్టల దగ్గర బాగా పనికొచ్చాయి. వేగంగా కాల్చే ఆయుధం మీద ఆయనకి గురి కుదిరింది అక్కడే అనుకుంటాను.

1904 నాటి సంగతి ఒకటి చదవడానికే ఇబ్బందిగా అనిపించింది. ఫిలిప్పీన్స్ పోరాటంలో .38 క్యాలిబర్ రివాల్వర్లు మీదికొచ్చేవాణ్ణి ఆపలేకపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఎంత పెద్ద తూటా కావాలో తేల్చమని థాంప్సన్‌నీ, లూయిస్ లగార్డ్ అనే సైనిక వైద్యుణ్ణీ నియమించారు. వాళ్ళు శవాల మీదా, షికాగో కబేళాల్లో బతికున్న పశువుల మీదా కాల్చి చూశారు. తూటా వ్యాసం .45 అంగుళానికి తగ్గకూడదని నివేదిక ఇచ్చారు. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న ప్రసిద్ధ కోల్ట్ పిస్తోలుకి ఆ .45 కొలత అక్కడి నుంచే వచ్చింది. ఈ తూటాని గుర్తుపెట్టుకోండి.

1914లో యూరప్‌లో మహాయుద్ధం మొదలైంది. అమెరికా ఇంకా దిగలేదు. థాంప్సన్ సైన్యం నుంచి రిటైరై రెమింగ్టన్ కంపెనీలో చీఫ్ ఇంజనీర్‌గా చేరి, పెన్సిల్వేనియాలోని ఎడ్డీస్టోన్‌లో బ్రిటన్ కోసం రైఫిళ్ళు చేసే పెద్ద ఫ్యాక్టరీ నిలబెట్టాడు. అక్కడ సైనికులు కందకాల్లో ఇరుక్కుపోయి చస్తున్నారు. పొడవాటి రైఫిల్‌తో ఒక్కో తూటా కాలుస్తూ ఇరుకు కందకంలోకి దూకినవాడు ఏం చేయగలడు? ఒక మనిషి చేత్తో పట్టుకుని కందకాన్ని చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేసే ఆయుధం కావాలన్నది ఆయన పట్టుదల.

ఇక్కడే మన ఘర్షణ వస్తుంది. తుపాకీ పేలినప్పుడు వాయువు తూటాని ముందుకీ, వెనకున్న బోల్ట్‌ని వెనక్కీ తోస్తుంది. తూటా గొట్టం దాటేదాకా బోల్ట్ పూర్తిగా తెరుచుకోకూడదు. జాన్ బ్లిష్ అనే నౌకాదళ అధికారి ఓడల మీది ఫిరంగుల్లో ఒక వింత గమనించాడు. పూర్తి మందు పెట్టి పేల్చినప్పుడు వెనక మూత గట్టిగా పట్టుకుని ఉంటోంది, తక్కువ మందుతో పేల్చినప్పుడు మాత్రం కొద్దిగా తిరిగి వదులవుతోంది. రెండు వేర్వేరు లోహాల ఏటవాలు తలాలు విపరీతమైన ఒత్తిడిలో ఒకదానికొకటి అంటుకుపోతాయని, ఒత్తిడి తగ్గాక జారతాయని ఆయన తేల్చి పేటెంట్ తీసుకున్నాడు. థాంప్సన్‌కి ఇది తెగ నచ్చింది. క్లిష్టమైన తాళాలు అక్కర్లేదు, ఒక కంచు ముక్క చాలు. 1916లో థామస్ ఫార్చ్యూన్ రయాన్ అనే కోటీశ్వరుడి పెట్టుబడితో ఆటో ఆర్డ్‌నెన్స్ కంపెనీ మొదలైంది. క్లీవ్‌లాండ్‌లో థియోడర్ ఐకాఫ్, ఆస్కార్ పేన్ అనే ఇంజనీర్లు పని అందుకున్నారు.

నిజానికి ఆయన చేయాలనుకున్నది ఆటోమేటిక్ రైఫిల్. కానీ రైఫిల్ తూటా ఒత్తిడికి ఆ కంచు ముక్క సరిగ్గా ఆగలేదు. సైన్యం వాడే తూటాల్లో దీనికి సరిపడేది .45 పిస్తోలు తూటా ఒక్కటేనని ఐకాఫ్ లెక్క తేల్చాడు. అంటే ఎన్నో ఏళ్ళ కిందట థాంప్సన్ సిఫార్సు చేసిన కొలతే! అప్పుడు ఆయన ప్లాన్ మార్చేశాడు. పిస్తోలు తూటాలు కాల్చే చేతి మెషిన్ గన్. సబ్‌మెషిన్ గన్ అనే మాట తర్వాత ఈ కంపెనీలోనే పుట్టింది.

అమెరికా 1917లో యుద్ధంలోకి దిగగానే ఆయన్ని మళ్ళీ సైన్యంలోకి పిలిచారు. రైఫిళ్ళ ఉత్పత్తి చూసుకున్నాడు, బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు, పతకం వచ్చింది. ఇటు క్లీవ్‌లాండ్‌లో పర్సుయేడర్, తర్వాత ఎనైహిలేటర్ అనే నమూనాలు తయారయ్యాయి. యూరప్‌కి పంపాల్సిన నమూనాలు రేవుకి చేరిన రోజు 1918 నవంబర్ 11. యుద్ధం ఆగిపోయిన రోజే అది. సెమిస్టర్ అయిపోయాక ప్రాజెక్ట్ పూర్తయినట్టు!

మరి ఎవరికి అమ్మాలి? 1921లో కోల్ట్ కంపెనీ 15,000 తుపాకులు చేసిచ్చింది. చెక్క పిడులు రెండు, 50 తూటాల గుండ్రటి డ్రమ్, నిమిషానికి 800 వేగం, ధర 200 డాలర్లు. సైన్యం మెచ్చుకుంది గానీ కొనలేదు. అదే ఏడు జూన్‌లో హోబోకెన్ రేవులో ఈస్ట్ సైడ్ అనే ఓడలో, ఐర్లండ్ విప్లవకారులకి వెళ్తున్న 495 టామీ గన్లు పట్టుబడ్డాయి. కంపెనీ వ్యవహారాలు చూస్తున్న థాంప్సన్ కొడుకు మార్సెలస్ మీద కేసు పడింది, తర్వాత కొట్టేశారు. ఆ మార్సెలస్ మామగారు అప్పుడు బ్రిటన్‌లో అమెరికా రాయబారి. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఊహించుకోండి.

తర్వాతిది సినిమాల వల్ల అందరికీ తెలిసిందే. మద్యనిషేధం కాలం, షికాగో ముఠాలు. 1929 ఫిబ్రవరి 14న ఒక గరాజ్‌లో ఏడుగురిని గోడవైపు నిలబెట్టి చంపారు. అందులో వాడింది రెండు టామీ గన్లు. మెరైన్లు నికరాగువాలో వాడినా, నౌకాదళం కోసం వేగం 600 దగ్గరికి తగ్గించి 1928 మోడల్ చేసినా, జనం కళ్ళకి అది గూండాల తుపాకీయే. 1934లో అలాంటి ఆయుధాల మీద కట్టడి చట్టం వచ్చింది. రయాన్ 1928లోనే పోయాడు, కంపెనీ అప్పుల్లో పడింది. 1930ల చివరికీ ఆ మొదటి 15,000లో వేలకొద్దీ గోడౌన్‌లో పడే ఉన్నాయి.

1939లో ముసలి థాంప్సన్ తన పాత ఇంజనీర్ ఐకాఫ్‌కి ఉత్తరం రాశాడు. తన తుపాకీని దుర్మార్గులు ఎత్తుకుపోయి వాడుకోవడం మనసుని బాధిస్తోందని, ఇక ఆయుధాలకి సెలవిచ్చి, ప్రాణాలు తీయడం కంటే కాపాడటం మీద దృష్టి పెడతానని దాని సారం. నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. కబేళాలో పశువుల మీద కాల్చి చూసిన మనిషికి, తూటా ఎవరిని ఏం చేస్తుందో తెలీదా? కానీ ఆయన లెక్క వేరు. పోలీసు, సైన్యం చేతిలో ఉంటే మంచిది, ఇంకొకరి చేతిలో ఉంటే దొంగసొత్తు. తన కంపెనీయే 200 డాలర్లిచ్చిన ఎవరికైనా అమ్మేందుకు సిద్ధంగా ఉండేదన్న సంగతి ఆ లెక్కలో లేదు.

ఆ ఏడాదే మార్సెలస్ చనిపోయాడు, కంపెనీ రస్సెల్ మగ్వైర్ చేతికి పోయింది, యూరప్‌లో మళ్ళీ యుద్ధం మొదలైంది. 1940 జూన్ 21న థాంప్సన్ న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రేట్ నెక్‌లో కన్నుమూశాడు. వెస్ట్ పాయింట్‌లోనే పూడ్చారు. మర్నాడు ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధవిరమణ మీద సంతకం పెట్టింది. సరిగ్గా 40 రోజులకి, జులై 31న, చర్చిల్ చేతిలో టామీ గన్‌తో ఫొటో దిగాడు. జర్మన్లు ఆ ఫొటోనే తీసుకుని చర్చిల్‌ని గూండా అని ప్రచారం చేశారు.

ఇక ఆర్డర్లే ఆర్డర్లు. యుద్ధం ముగిసేసరికి 15 లక్షలకి పైగా తయారయ్యాయి. మనవాళ్ళ చేతికీ వచ్చింది. 1944 జులైలో ఇటలీలో మరాఠా దళానికి చెందిన నాయక్ యశ్వంత్ ఘాడ్గే, తన సెక్షన్ అంతా నేలకూలాక ఒంటరిగా శత్రు మెషిన్ గన్ మీదికి టామీ గన్‌తో దూకాడు. మ్యాగజైన్ మార్చే వ్యవధి లేక చివరికి దాని గొట్టం పట్టుకుని కొట్టాడు. అక్కడే ప్రాణం విడిచాడు. విక్టోరియా క్రాస్ మరణానంతరం వచ్చింది.

అయితే నా మెషిన్ డిజైన్ బుర్రకి అసలు దెబ్బ 1942లో తగిలింది. ఐదు కిలోల బరువు, బోలెడు మెషినింగ్, 1939లో సైన్యానికి ఒక్కోటి 209 డాలర్లు. ఇంత ఖర్చుతో లక్షల్లో చేయడం కష్టం. సావేజ్ కంపెనీ ఇంజనీర్లు అనవసరమైనవన్నీ తీసేస్తూ పోయి, చివరికి ఆ బ్లిష్ కంచు ముక్కనే పీకి చూశారు. తుపాకీ చక్కగా పేలింది! పిస్తోలు తూటా ఒత్తిడి ఎలాగూ తక్కువ, బోల్ట్ బరువు వల్లనే అది తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. రాపిడితో పనిచేయాల్సిన ఆ ముక్క పక్కన నూనె పట్టిన ఫెల్ట్ మెత్తలు ఉండేవన్నది ఇంకో తమాషా. ముక్క లేకుండా వచ్చిన మోడల్ ఎం1. డ్రమ్ పోయింది, గొట్టం మీది రెక్కలు పోయాయి, పైనుండే లాగే పిడి పక్కకి వచ్చింది. అదే ఏడాది ఫైరింగ్ పిన్‌ని కూడా బోల్ట్‌కే స్థిరంగా ఉంచేసి ఎం1ఏ1 చేశారు. 1944కి ధర 45 డాలర్లు. అయినా రేకుతో కొట్టి చేసే, అందులో సగం ఖరీదైన ఎం3 వచ్చి దాని చోటు తీసుకుంది.

ఏ ముక్క కోసం కంపెనీ పెట్టారో, ఏ ముక్క వల్ల రైఫిల్ కాస్తా సబ్‌మెషిన్ గన్ అయిందో, ఆ ముక్క లేని తుపాకుల మీద కూడా థాంప్సన్ అనే పేరు చెక్కే ఉంది. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు.