పానగల్ రాజా

పానగల్ రాజాగా ప్రసిద్ధుడైన సర్ పానగంటి రామరాయణింగారు (జూలై 9, 1866 - డిసెంబర్ 16, 1928) జస్టిస్ పార్టీ నాయకుడు. 1921 నుండి 1926 వరకు మద్రాసు రాష్ట్రానికి మొదటి మంత్రి. ఆ పదవి నేటి ముఖ్యమంత్రి పదవి వంటిది.

జీవిత విశేషాలు

ఇతడు కాళహస్తిలో వెలమ జమీందారీ కుటుంబంలో జన్మించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1893లో పట్టభద్రుడయ్యాడు. 1912 నుండి 1915 వరకు ఇంపీరియల్ శాసనమండలిలో భూస్వాములకు ప్రాతినిధ్యం వహించాడు. 1920 డిసెంబరులో స్థానిక స్వపరిపాలన మంత్రి అయ్యాడు. మరుసటి ఏడు సుబ్బరాయలు రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకొనగా మొదటి మంత్రి పదవి లభించింది. అయినను స్థానిక స్వపరిపాలన శాఖను తనవద్దనే ఉంచుకొన్నాడు.

వీధి అంచు ఎవరిది?

1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టం ఇతడు పదవిలోకి రాక మునుపే తయారైనది. దానిని నడిపించే శాఖ మాత్రం ఇతని చేతికి వచ్చింది. ఆ చట్టంలో బండ్లు నిలుపు స్థలాలను గూర్చిన నిబంధన చాలామంది గమనించనిది. పురపాలక సంఘం బండ్లకు ప్రత్యేక స్థలం ఏర్పరచి రుసుము తీసికొనవచ్చును. అట్లు ఏర్పరచిన పిమ్మట దానికి నిర్ణీత దూరంలోపల వీధి పక్కలను బండ్ల స్టాండుగా వాడరాదని నిషేధించవచ్చును. మోటారు వాహనాలు కూడ ఈ నిర్వచనంలోనికే వచ్చినవి.

కడప జిల్లాలో ప్రొద్దుటూరు 1915లోనే పురపాలక సంఘమైనది. జమ్మలమడుగు, పులివెందుల అప్పటికి తాలూకా కేంద్రాలే. వాటికి స్థానిక బోర్డుల చట్టం వర్తించేది. ఈ మూడింటిలో దేనికిని రైలు లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రయాణికులకు ఎర్రగుంట్ల, పులివెందుల వారికి ముద్దనూరు దగ్గరి స్టేషన్లు. అక్కడ దిగినవారు జట్కాలలోనో, ఎద్దుబండ్లలోనో, తరువాత బస్సులలోనో నలుగురితో కలిసి రావలసిందే. కనుక బండి ఎక్కడ ఆగవలెననునది ఇట్టి ఊళ్లలో చిన్న ప్రశ్న కాదు. స్టాండు ఏర్పడితే అంగడి వీధి ఖాళీ అగును, సంఘానికి రాబడి వచ్చును. కాని జట్కావాని దినకూలిలో రుసుము కోత పడును. ప్రొద్దుటూరుకు రైలు 2016లో గాని రాలేదు.

అసలు వీధిలో నిలిచే హక్కు అందరికీ ఉన్నదా అన్నది మరింత పెద్ద ప్రశ్న. 1924 ఆగస్టులో రెట్టమలై శ్రీనివాసన్ శాసనమండలిలో తీర్మానం ప్రవేశపెట్టాడు. ప్రజాధనంతో నడిచే వీధులు, బావులు, చెరువులు అణగారిన కులాలవారితో సహా అందరివని అది ప్రకటించింది. సెప్టెంబరులో పానగల్ రాజా శాఖ దానిని ఉత్తర్వుగా వెలువరించింది. కాగితంపై హక్కు వచ్చినంత వేగంగా ఊళ్లలో ఆచరణ రాలేదు. పైగా ఆ వర్గాల నాయకుడు ఎం.సి. రాజా అంతకు ముందే, 1923లో, పార్టీని విడిచి వెళ్లాడు. దీనిని విస్మరించి ఇతనిని కేవలం ప్రశంసించుట సరికాదు.

ఇతర కార్యాలు, చివరి రోజులు

హిందూ దేవాదాయ చట్టం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపన ఇతని కాలపు ముఖ్య ఘట్టాలు. 1926 ఎన్నికలలో జస్టిస్ పార్టీ ఓడిపోగా పదవి వీడాడు. రెండేళ్లకు మరణించాడు. చెన్నై త్యాగరాయ నగర్‌లోని పానగల్ పార్కు ఇతని పేరిట ఏర్పడినదే.